పన్నెండో చెయ్యి

"మేడమ్, నేను లేత్ పనోణ్ణి. పంపు షాఫ్టులు తీస్తాను. మీరేమో నా చేతిలో మురుకుల గొట్టం పెట్టారు."

"పెట్టాను. ఇప్పుడు నొక్కండి."

"దీన్నా?"

"పిండి మెత్తగానే కలిపాను. భయపడకండి."

భయం అనేసరికి కదిరేశన్‌కి రోషం పొడుచుకొచ్చింది. కోయంబత్తూరు గణపతి ఏరియాలో అతని చేతికి ఒక పేరుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా తడిమి చెప్పేస్తాడు. మూడు నెలల కిందట రేకొకటి జారి ఆ కుడిచేతిమీదే పడి, రెండు వేళ్ళ నరాలు తెగ్గొట్టింది. ఆపరేషన్ చేశారు, ప్లాస్టిక్ తొడుగు వేశారు, తీశారు. ఇక బలం పట్టించాలి పొమ్మని ఈ గదికి పంపితే, ఈ పిల్ల వంటింటి సామాను పట్టుకుని కూర్చుంది.

రెండు పిడులూ పట్టుకుని, ఊపిరి బిగబట్టి నొక్కాడు. గొట్టం అడుగునుంచి అరంగుళం పిండి వేళ్ళాడి, అక్కడే ఆగిపోయింది.

"బల్లి తోకలా ఉంది," అంది ఆమె, ముఖంలో నవ్వన్నది లేకుండా, కాగితం మీద ఏదో రాసుకుంటూ.

"అదీ రాస్తున్నారా?"

"ఇందాక మీటరు మీద మీ పిడికిలి బలం పన్నెండు కిలోలొచ్చింది. అది రాస్తున్నాను. బల్లి సంగతి నాలోనే ఉంచుకుంటాను."

ఆమె పేరు కయల్విళి. ఆసుపత్రిలో అందరికీ కయల్. దెబ్బ తిన్న చేతులకి మళ్ళీ పని నేర్పే థెరపిస్టు. మిల్లులూ ఫౌండ్రీలూ ఉన్న ఊరు గనక చేతులు నలిగేవాళ్ళకి కొదవ లేదు. నలిగాక రోజూ ఆసుపత్రికి రమ్మంటే వాళ్ళకి పని పోతుంది. ఇంటి దగ్గర పిసుక్కోమని బయటిదేశం బంక చేతిలో పెడదామా అంటే, దాని ధర వింటేనే చెయ్యి పడిపోతుంది. మరి ప్రతి ఇంటి అటక మీదా ఉండే మురుకుల గొట్టం చాలదా? ఈ ఆలోచన కయల్‌ది. థెరపిస్టుల సంఘం ఒకటి విని, చిన్న గ్రాంటు ఇచ్చింది. పన్నెండు మంది పేషెంట్లు, ఎనిమిది వారాలు, ప్రతి మంగళవారం కొలత. ఫలితం బాగుంటే పెద్ద గ్రాంటు. అప్పుడు జిల్లా జిల్లాకీ గొట్టం వెళ్తుంది.

కదిరేశన్ పన్నెండోవాడు.

"ఇక్కడ సంతకం పెట్టండి."

"దేనికి?"

"ఎనిమిది వారాలు మీ చెయ్యి నాదని," అనేసి, నాలుక కరుచుకుంది. "అంటే, పరిశోధనకి."

మనవాడు ఎడంచేత్తో వంకర సంతకం పెట్టాడు. చదవకుండానే పెట్టాడు. చదవడానికి కళ్ళు కాగితం మీద ఉంటే కదా.

ఇంటికొచ్చి గొట్టం కోసం అటక ఎక్కబోతుంటే కన్నమ్మాళ్ అత్త కింద నిలబడి నడుం మీద చెయ్యి వేసింది. నాన్నకి అక్క, ఇతన్ని పెంచిన మనిషి, పండగలకి మురుకులు చేసి అమ్మే మనిషి.

"ఇరవై ఏళ్ళు బతిమాలాను, ఒక్క చుట్టు తిప్పి పెట్టరా కణ్ణూ అని. ఇప్పుడు ఎవరు చెప్పారేంటి?"

"డాక్టరమ్మ ఆర్డరు అత్తా."

"ఆవిడ కాళ్ళకి మొక్కాలి."

రెండో మంగళవారం పదిహేడు కిలోలు. మూడో మంగళవారం ఇరవై మూడు. నాలుగో వారానికి ఇరవై ఎనిమిది.

"మీ చెయ్యి నా మాట వింటోంది," అంది కయల్, వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూస్తూ.

"చెయ్యి ఒక్కటేనా?"

"మిగతా పార్టులు వేరే డిపార్ట్‌మెంటు."

నవ్వుతూనే అడిగాడు, ఎంతొస్తే ఇక ఆపేస్తారని.

"ముప్పై అయిదు దాటితే, ఎనిమిది వారాలు కాకపోయినా మీరు రానక్కర్లేదు. దాటేదాకా మాత్రం వదలను. సంతోషమేగా?"

"చాలా," అన్నాడు కదిరేశన్.

ఆ సాయంత్రం టీ కొట్టులో గ్లాసు చేతిలో పెట్టుకుని తాగడం మర్చిపోయాడు. వారానికి అయిదారు కిలోలు పెరుగుతోంది. అంటే మిగిలింది రెండే మంగళవారాలు. షాపుకెళ్తే నిలబడలేడు, ఇంటికెళ్తే కూర్చోలేడు. మంగళవారానికీ మంగళవారానికీ మధ్య ఈ ఆరు రోజులు ఏ వెధవ పెట్టాడా అని తిట్టుకునే స్థితిలో ఉన్నాడు. ఇప్పుడు ఆ మంగళవారమే పోతుందట.

అయిదో వారం మీటరు పట్టుకుని ముఖం చిట్లించాడు, పళ్ళు బిగించాడు, చెమట కూడా తెప్పించాడు. చెయ్యి మాత్రం బిగించలేదు. ఇరవై ఏడు.

ఆరో వారం ఇరవై ఎనిమిది. ఏడో వారం ఇరవై ఏడు.

కయల్ పిండి గట్టిగా కలిపి చూసింది, గొట్టం మార్చి చూసింది. కుట్టిన మచ్చ మీద బొటనవేలితో చాలాసేపు రుద్ది చూసింది. మనవాడికి స్వర్గం. ఆమె కళ్ళ కింద మాత్రం నల్లటి చారలు.

"పదకొండు మందికీ పెరిగింది. మీకెందుకు ఆగింది? నేనెక్కడ తప్పు చేశాను?"

"మీ తప్పు కాదు మేడమ్. చెయ్యే మొండిది."

ఆ మాట అన్నాక ఆమె కళ్ళకేసి చూడలేకపోయాడు. అయినా ఇంకొక్క వారం అనుకున్నాడు.

ఎనిమిదో మంగళవారం కయల్ కొత్త పని పెట్టింది. మీటరు పిడికి అయిదు మెట్లుంటాయి, దగ్గరగా, కాస్త దూరంగా, ఇంకా దూరంగా. ఒక్కో మెట్టు మీదా నొక్కమంది. ఎందుకో చెప్పలేదు.

నొక్కాడు. ఇరవై ఏడు. మెట్టు మార్చింది. ఇరవై ఏడు. మళ్ళీ మార్చింది. ఇరవై ఏడు. అయిదుసార్లూ అంతే. లేత్ మీద కూడా ఇంత నిక్కచ్చిగా రాదని లోపల్లోపల మురిసిపోయాడు మొనగాడు.

కయల్ గళ్ళ కాగితం మీద అయిదు చుక్కలు పెట్టి కలిపింది. బల్లపరుపుగా ఒక గీత వచ్చింది. దానివైపు చూసింది, అతనివైపు చూసింది. కుర్చీ వెనక్కి నెట్టి బయటికెళ్ళిపోయింది.

పక్క బల్ల దగ్గర వేణ్ణీళ్ళలో తొడుగులు మెత్తబరిచే ఆరోక్యం చేతులు తుడుచుకుంటూ వచ్చి కాగితం చూశాడు.

"దొరికిపోయావు తంబీ."

"ఏం చేశానన్నా?"

"నిజంగా బలం పెట్టేవాడికి మధ్య మెట్టులో ఎక్కువొస్తుంది, రెండు చివర్లా తగ్గుతుంది. గీత కొండలా లేవాలి. నీది రోడ్డులా ఉంది. దొంగతనంగా పట్టుకునేవాడికే అన్నిచోట్లా ఒకేలా వస్తుంది. అదీ ఇంత నీటుగా ఎవడూ పట్టుకోలేదు, ఇరవై ఏళ్ళ సర్వీసులో చూడలేదు."

కదిరేశన్ కాగితాన్ని తిరగేసి పెట్టాడు.

"శుక్రవారం సాయంత్రం అయిదుకి ఆవిడ రిపోర్టు వెళ్ళాలి. పన్నెండు మంది ఉండాలన్నది రూలు. రెండేళ్ళ కష్టం. నువ్వెందుకు చేశావో ఈ గదిలో బల్లలకీ కుర్చీలకీ తెలుసు గాని, ఆ సంగతి ఆవిడ దగ్గర ఎత్తకు. ఫారం చివర ఒక గడి ఉంది. పేషెంట్లలో ఎవరితోనైనా మీకు సొంత సంబంధం ఉందా అని. ఉందని రాసిందో, మిగతా పదకొండు లెక్కలూ అనుమానంగానే చూస్తారు."

తలుపు తెరుచుకుంది. ఆరోక్యం తన నీళ్ళ దగ్గరికి జారుకున్నాడు.

"ఎందుకు చేశారు?" అంది కయల్. గొంతు మామూలుగానే ఉంది. చేతిలో పెన్ను మూత మాత్రం ఊడుతోంది, పడుతోంది.

మనవాడి నాలుక చివర నిజం నిలబడి ఉంది. దాన్ని మింగేశాడు.

"లీవు కోసం మేడమ్. చెయ్యి బాగయిందని రాస్తే కంపెనీవాళ్ళు పనిలోకి రమ్మంటారు. ఇంకో రెండు నెలలు జీతంతో లాగుదామని."

"లీవు కోసం."

"అవును మేడమ్."

"ఇప్పుడు నిజంగా నొక్కండి."

నొక్కాడు. ముప్పై తొమ్మిది.

"వెళ్ళండి. ఇక రానక్కర్లేదు."

బల్లి అని గాని, కప్ప అని గాని ఏదైనా అంటుందేమోనని గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగాడు. ఆమె తలెత్తలేదు.

బుధవారం నాలుగు షాఫ్టులు సైజు తప్పి స్క్రాప్ అయ్యాయి. పదిహేనేళ్ళలో నాలుగు పోయినవాడు కాదు, ఒక్క రోజులో నాలుగు. ఫోను తీశాడు, పెట్టాడు. ఆసుపత్రి వీధి చివరిదాకా బండి మీద వెళ్ళి, పని ఉన్నవాడిలా తిరిగొచ్చాడు. ఇంట్లో గొట్టం పట్టుకుంటే పిండి కాదు, పిడులు విరిగేలా ఉన్నాయి.

"కణ్ణూ, మురుకులు నొక్కుతున్నావా, ఎవడి పీకైనా నొక్కుతున్నావా?" అంది అత్త. "దీపావళి ఆర్డరు అయిపోయింది, ఇక ఆపు. రేపు ఒక డబ్బా డాక్టరమ్మకి ఇచ్చొస్తాను."

"వద్దత్తా."

"నీ చెయ్యి బాగుచేసిన పిల్లకి డబ్బాడు మురుకులు ఇవ్వకపోతే మనం మనుషులమేనా?"

అత్తని ఆపడం ఆ ఇంట్లో ఎవరి వల్లా కాలేదు ఇంతవరకు.

శుక్రవారం మధ్యాహ్నం పాలక్కాడు వైపునుంచి సన్నటి తుంపర మొదలైంది. కదిరేశన్ లేత్ మీద వంగి ఉన్నాడు. గుమ్మంలో గొడుగు ముడుస్తున్న చప్పుడు. కయల్. చంకలో ఫైలు. లోపలికి రాకుండా, తల పైకెత్తి బోర్డు చదువుతోంది.

"కదిరేశన్ ఇంజనీరింగ్ వర్క్స్. ప్రొప్రయిటర్, ఎం. కదిరేశన్." చదవడం అయ్యాక అతనివైపు తిరిగింది. "మీకు జీతంతో లీవిచ్చే ఆ కంపెనీ ఓనరుగారు ఉన్నారా? ఒక మాట మాట్లాడాలి."

"ఆయన... బయటికెళ్ళాడు."

"ఎప్పుడొస్తాడు?"

"మీరు కోపం తగ్గించుకుంటే వచ్చేలా ఉన్నాడు."

నవ్వు వచ్చినట్టే వచ్చి పెదవి దగ్గర ఆగిపోయింది. ఆమె లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుంది.

"నిన్న మీ అత్త వచ్చింది. మావాడు నెల రోజుల్నుంచి రోజుకి నాలుగు పడుల పిండి నొక్కుతున్నాడమ్మా, వీధి వీధంతా తిన్నా తరగట్లేదు, నువ్వెంత మంచి వైద్యం చేశావు అంది. లీవు కోసం దొంగాట ఆడేవాడు ఇంట్లో అంత పిండి నొక్కడు. లీవు లేదు, కంపెనీ లేదు. మరి నా నాలుగు వారాలు ఎందుకు పాడుచేశారు?"

అతను లేత్ వైపు తిరిగాడు. మోటారు శబ్దం చాటున దాక్కున్నాడు.

ఆమె ఫైలు తెరిచింది. "పన్నెండో పేషెంటు అయిదో వారంనుంచి కావాలనే బలం పెట్టలేదని రాశాను. అది రాయక తప్పదు. ఆఖరి గడి ఒక్కటే ఖాళీగా ఉంది. మీతో నాకు సొంత సంబంధం ఉందా లేదా? ఏం రాయమంటారు?"

"లేదని రాయండి."

"సరిగా ఆలోచించి చెప్పండి."

"ఆలోచించే చెప్తున్నాను. లేదని రాయండి మేడమ్. మీ రెండేళ్ళు పోతాయి."

"మీ వైపునుంచి లేదు. సరే." పెన్ను తీసింది. కాగితం మీద పెట్టలేదు. "నా వైపునుంచి కూడా లేదనే రాయమంటారా?"

కదిరేశన్ చెయ్యి దానంతట అదే వెళ్ళి మోటారు ఆపేసింది. రేకుల మీద తుంపర చప్పుడొక్కటే మిగిలింది.

"గ్రాంటు పోతుంది," అన్నాడు.

"పోవచ్చు. గొట్టం పనిచేస్తుందా లేదా అన్నది ఇంకెవరు కొలిచినా తేలుతుంది. అది నిజమైతే ఎక్కడికీ పోదు. ఇది లేదని రాసేస్తే మాత్రం, ఇంకొకరొచ్చి కొలవరు."

"నాకు ఆ మంగళవారాలు అయిపోతాయని భయమేసింది," అన్నాడు. "అంతే. వేరే ఏమీ లేదు."

"ఆ ముక్క మంగళవారమే చెప్పుంటే నాకు బస్సు చార్జీ మిగిలేది."

ఉంది అన్నచోట టిక్కు పెట్టి, కాగితం అతనివైపు తిప్పింది, పేషెంటు సంతకానికి. ఈసారి కుడిచేత్తో పెట్టాడు. అడుగు కాగితం దాకా అచ్చు దిగింది.

"మీ అత్త ఇంకొకటి కూడా అడిగింది," అంది కయల్ ఫైలు మూస్తూ. "నీకు మురుకులు నొక్కడం వచ్చా అని. రాదన్నాను."

"ఏమంది?"

"ఏం పర్లేదు, మావాడికి వచ్చులే అంది."

పెద్ద గ్రాంటు రాలేదు. పుణెలో ఇంకెవరికో వెళ్ళింది. సొంత సంబంధం ఉంది గనక పన్నెండు చేతులూ వేరే థెరపిస్టు కొలవాలి, ఆ తర్వాత మళ్ళీ అడగండి అని ఉత్తరం. కయల్ ఆ ఉత్తరాన్ని మడిచి సొరుగులో పడేసింది. కదిరేశన్ ఓదార్పు మాటలు చెప్పలేదు, చెప్పడం రాదు. ఆదివారం టెంపో మాట్లాడి, ఆ పదకొండు మందినీ ఎక్కించుకుని, ఈరోడ్‌లో ఇంకో థెరపిస్టు గుమ్మం ముందు దింపాడు. తను పన్నెండోవాడిగా ఆఖర్న నిలబడ్డాడు.

ఆ ఉత్తరంలోనే కింద ఇంకో పేరా ఉంది, ఆమె కోపంలో చదవలేదు. లెక్క దాచకుండా రాసినందుకు, చేతి వైద్యం నేర్పమని ఇచ్చే అవార్డు ఈ ఏడు ఆమెకే. చిన్న ఊళ్ళ థెరపిస్టులకి పాఠాలు చెప్పాలి. ఆ బల్లపరుపు గీతని తప్పకుండా చూపించాలి.

మొదటి క్లాసు పొల్లాచ్చిలో. ముప్పై మంది కుర్ర థెరపిస్టులు, గోడ మీద ఆ గీత.

"ఈ పేషెంటు ఎందుకలా చేశాడు మేడమ్?" అంది ముందు వరసలో పిల్ల.

కయల్ తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని పిలిచి కూర్చోబెట్టి, మీటరు చేతికిచ్చింది. అయిదు మెట్లు. చుక్కలు కలిపితే గీత కొండలా లేచింది.

"పూర్తి బలంతో పట్టుకుంటే ఇలా ఉంటుంది. చదునుగా ఉంటే ఏదో దాస్తున్నాడని అర్థం. ఏం దాస్తున్నాడో మీటరు చెప్పదు. మనమే వెళ్ళి అడగాలి."

"మీరు అడిగారా?"

"అడిగింది కాబట్టే వైకాశి నెలలో పెళ్ళి," అంది వెనకనుంచి కన్నమ్మాళ్ అత్త, డబ్బా మూత తీస్తూ. "మురుకులు తీసుకోండమ్మా. అన్నీ వాడే నొక్కాడు."

క్లాసంతా గొల్లుమంది. ఆ గోలలో కదిరేశన్ ముందుకు వంగాడు.

"ఏం రాస్తున్నావు?"

"మధ్య మెట్టులో నలభై నాలుగు."

"మరి బల్లి సంగతి?"

"అది ఇంకా నా దగ్గరే ఉంది," అంది కయల్, తలెత్తకుండానే.