పంపుహౌసు ఎత్తు మీద ‘సూసుకో’

పరవాడ వెళ్లే పాత రోడ్డులో, పాడుబడ్డ పంపుహౌసు పక్కన ఒక ఎత్తు ఉంది. దానికి మంచి పేరు ఏనాడూ లేదు.

పగలు అక్కడ మేకలు నిక్షేపంగా మేస్తాయి. చీకటి పడిందంటే మాత్రం లారీ డ్రైవర్లు పాటలు కట్టేసి దండాలు మొదలెడతారు. పార్సిళ్లు తెచ్చే కుర్రాళ్లు ఎత్తు కిందే ఆగి, “లొకేషన్ చూపించట్లేదు, మీరే రండి సార్” అంటారు. ఎవరో మోటారు సైకిలాయన చెప్పు జారిపోతే వెనక్కి తిరక్కుండా ఒంటి చెప్పుతోనే పెళ్లికి పోయాడట. పంపుహౌసులో ఏముందో చూసినవాడు లేడు... చూశానని చెప్పేవాళ్లు మాత్రం వీధికి పదిమంది.

జాలరిపేట గవర్రాజు రోజూ తెల్లారగట్ల, ఇంకా చీకటుండగానే, ఆ ఎత్తు మీదుగా ఒక ఫార్మా కంపెనీ కేంటీనుకి చేపలు తోలతాడు. బండి పాత పెట్రోలు మినీ ట్రక్కు. డ్రైవరు సీటు పైకెత్తితే దాని కిందే ఇంజను. నడిపేది గవర్రాజే గానీ, కాగితాలు పెళ్లాం చిలకమ్మ పేరు మీద ఉన్నాయి.

ఆ వారంలో బండి రెండుసార్లు ఆ ఎత్తు మీదే మొరాయించింది. చల్లారాక ఎలాగో కదిలింది గానీ, ఈలోపు చేపలు మెత్తబడ్డాయి. కేంటీన్ వాళ్లు ముక్కు మూసుకున్నారు.

మూడోసారి చిలకమ్మే చేపల బుట్టలెక్కించి, తనూ ఎక్కి కూర్చుంది.

“మావా, ఈయేల గానీ ఎత్తుమీద ఆగిందా, రేపే బండిని పాత ఇనప సామాన్లోడికి ఇచ్చేత్తాను. నువ్వు పోయి ఆ కేంటీన్లో గిన్నెలు తోముకో.”

గవర్రాజు స్టీరింగు నిమిరాడు. ఆ బండి ఇంటికొచ్చిన రోజున అన్నం మానేసి దాని చుట్టూ తిరిగిన మనిషి.

“బండిదేటి తప్పు? ఎత్తుమీద... అది ఉన్నాదే.”

“ఏటది?”

“మాటాడతాది.”

“ఏటని?”

గవర్రాజు గొంతు తగ్గించాడు. “‘సూసుకో... సూసుకో’ అంటాది.”

చిలకమ్మ పకపకా నవ్వింది. “దెయ్యానికి మన మాటే వచ్చే! ఈ సుట్టుపక్కలదే అయ్యుంటాది. ఎవల తాలూకా అని అడక్కపోయావా?”

బండి కదిలింది. స్టీల్‌ప్లాంటు వెలుగు వెనకబడింది. ముందు, కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాల మీద ఎర్రదీపాలు. నడుమ అంతా చీకటి.

ఎత్తు మొదలైంది. గవర్రాజు రెండో గేరు వేశాడు.

సుస్సు... క్కో.

ఇంకాస్త తొక్కాడు.

సుస్సుక్కో... సుస్సుక్కో... సూసుకో... సూసుకో...

“ఇన్నావా?” అన్నాడు.

చిలకమ్మ నములుతున్న ఆకువక్క ఆగిపోయింది. వినబడింది. నిజంగానే వినబడింది. దూరంగా కాదు... పొదల్లోంచి కాదు... చెవి పక్కన కూర్చుని గుసగుసలాడినట్టు. దాంతోపాటు ఏదో కాలుతున్న వాసన.

“కాటి వాసన...” గవర్రాజు గొణిగాడు.

ఢాం!

బండి ఒక్క కుదుపు కుదిపి, దగ్గి, సరిగ్గా పంపుహౌసు ఎదురుగా ఆగింది.

ఆ తర్వాత చప్పుడు లేదు. వెనక బుట్టల్లోంచి ఐసు నీళ్లు బొట్టుబొట్టుగా కారడం తప్ప.

గవర్రాజు తాళం తిప్పి సెల్ఫ్ కొట్టాడు. సీటు సందులోంచి... నీలంగా... టిక్. మళ్లీ టిక్. ఎవరో కన్ను తెరిచి మూసినట్టు.

ఒక్క గెంతున రోడ్డు మీదున్నాడు.

“ఒలే చిలకా! అది... అది నా కిందే కూకుంది!”

“నీ కిందా? పాపం, దానికంత కర్మేటి?”

అంది గానీ, ఫోను లైటు వెయ్యడానికి ఆవిడకీ రెండుసార్లు వేలు తప్పింది. దిగి, అటు తిరిగొచ్చి సీటు పైకెత్తింది.

వేడి గాలి మొహాన కొట్టింది. లోపల, గాలానికి పడ్డ చేపలా, వైరుకి వేలాడుతోంది ఒక స్పార్క్ ప్లగ్గు.

గవర్రాజు మెడ చాచి చూశాడు. ఎంతైనా డ్రైవరు కదా, విషయం వెంటనే తెలిసింది. ప్లగ్గు వదులైపోయింది. సాఫు రోడ్డు మీద ఎలాగో నెట్టుకొచ్చింది. ఎత్తు మీద బరువు పడేసరికి ఆ సందులోంచి గాలి సుస్సుమని తన్నింది. ఆఖరికి ప్లగ్గే ఎగిరిపోయింది. సెల్ఫ్ కొడితే, వేలాడుతున్నది ఇనుముకి తగిలి నీలంగా మెరిసింది.

“గాలి సుస్సుమంటే నీకు సూసుకో అని ఇనబడిందా?” చిలకమ్మ లైటు దగ్గరగా పెట్టింది. “మరిదేటి?”

ప్లగ్గు మర చుట్టూ మాడిన నల్లదారం. దానికి నలిగిపోయిన చిన్న రాగిరేకు.

గవర్రాజు ఆకాశంలోకి చూశాడు. “రక్షరేకు.”

“ప్లగ్గుకా?”

“బండి గుండెకాయకి కట్టమన్నారు. ప్లగ్గు కొట్టుకుంటేనే గదా బండి బతికేది! అందుకని దారం మరకి సుట్టేసి బిగించేను. పూర్తిగా ఎక్కలేదు... పైనున్నోడు సూసుకుంతాడులే అనుకున్నాను.”

“దెయ్యం మాటాడింది రేకు కట్టకముందా, కట్టాకా?”

గవర్రాజు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

“...కట్టాకా.”

“అయితే పాత సామాన్లకి ఎయ్యాల్సింది బండిని కాదు మావా, నిన్ను. తూకానికి కూడా రావు!”

‘బండి తప్పు కాదు’ అన్న మాట దక్కింది. బండి దక్కింది. ఆ సంతోషంలో గవర్రాజు తిట్లు కూడా తీపిగా మింగాడు. ప్లగ్గు చల్లారాక దారం పీకేసి, మర తుడిచి, ముందు వేళ్లతో నెమ్మదిగా ఎక్కించి, తర్వాత స్పానరుతో బిగించాడు. రెండో ప్లగ్గు కూడా తిప్పి చూశాడు. అది గట్టిగానే ఉంది. సెల్ఫ్ కొడితే ఒక్క పిలుపుకే పలికింది. ఎత్తు నున్నగా ఎక్కేసింది. సుస్సూ లేదు, క్కో లేదు.

ఎత్తు దాటబోతుండగా చిలకమ్మ ఆవులించి అడిగింది. “ఇంతకీ ఆ రేకు నీకెవలిచ్చారు?”

“ఇక్కడే. ఓపాలి కేంటీన్ డబ్బులు తెచ్చుకోని పొద్దుగూకాక తిరిగొత్తంటే పంపుహౌసు గుమ్మంలో ఓ ముసిల్ది కూకోనుంది. ‘సేపల వాసనకి లేసొచ్చినాను బాబూ’ అన్నాది.”

“ఊఁ.”

“మంచిదే పాపం. రేకుకి ఏటివ్వాలంటే, ‘ఏటీ ఒద్దు, బండాగినప్పుడు నానే తీసుకుంతాను’ అన్నాది.”

చిలకమ్మ ఆవులింత మధ్యలోనే ఆగింది.

మెల్లగా తల తిప్పి, వెనక కిటికీలోంచి ఫోను లైటు వేసింది. పైబుట్ట మూత తీసి ఉంది. ఐసు మీద, బయల్దేరేముందు తనే ఏరి పెట్టిన పెద్ద వంజరం లేదు. తల నుంచి తోక దాకా ముల్లు మాత్రం ఉంది... నాకి పెట్టినట్టు, తెల్లగా.

“ఏటే? ఆపనా?” గవర్రాజు అడిగాడు.

“ఆపితే సంపుతాను. తొక్కు!”

బండి ఎత్తు దిగి, మలుపు తిరిగి, కంపెనీ గేటు దీపాలు కనబడ్డాక గానీ ఆవిడకి ఊపిరి రాలేదు. అప్పుడు కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, పంపుహౌసు వైపు తిరిగి, జాలరిపేట రేవంతా వినబడే గొంతుతో అరిచింది.

“బుట్టెడు సవక కవళ్లు ఉండగా, సచ్చినదానివి, నీకు వంజరమే కావాలేటే!”