లోపలి కొస

ఏసోబు వత్తి వెలిగించి వెనక్కి తిరిగాడు. అది కాలేలోపు తాపీగా గుట్ట దిగవచ్చు, బండ చాటున కూర్చుని బీడీ కూడా ముట్టించవచ్చు. ఏళ్ళ తరబడి చేస్తున్న పనే. ఆ రోజు రెండో అడుగు పడకముందే కారంపూడి క్వారీ లేచి అతని మీద పడింది.

వారం తరవాత, హైదరాబాదులో బోర్డు లేని ఒక ఆఫీసులో, చీఫ్ ధనుంజయరావు బల్ల మీద వత్తి ముక్క పెట్టాడు. పైన తారు పూత, లోపల తుపాకిమందు.

"సేఫ్టీ ఫ్యూజ్. మన దేశంలో తయారైంది. వత్తి చుట్ట మీద ISI ముద్ర ఉంది. ముద్ర అంటే ఏమిటి, శౌరీ?"

"మంచి సరుకని, సార్," అన్నాడు ఏజెంట్ బాలశౌరి.

"అంతకంటే ఎక్కువ. తయారుచేసేవాళ్ళు, వాడేవాళ్ళు, సైంటిస్టులు ఒక కమిటీలో కూర్చుని మీటరు వత్తి ఎంతసేపట్లో కాలాలో తేలుస్తారు. ఆ మాటకు కట్టుబడిన ఫ్యాక్టరీకే లైసెన్స్. ఇన్‌స్పెక్టరు చెప్పకుండా వచ్చి శాంపిల్ కోస్తాడు. తప్పితే లైసెన్స్ రద్దు. ఏసోబు వాడిన చుట్టలో మిగిలింది ల్యాబ్‌కి పంపాం. పాసయింది."

"పాసయిన వత్తి మనిషిని ఎలా చంపింది?"

"అది తేల్చడానికే నువ్వు. ఇంకొక్క ప్రమాదం జరిగితే ఆ ముద్రను ఎవడూ నమ్మడు. కుడికాలువ తవ్వకానికి ఇక విదేశీ వత్తే దిక్కు. అమ్మడానికి క్రెన్ అనేవాడు మాచర్లలో గోదాము తీసుకుని కూర్చున్నాడు. సేల్స్ ఒట్టి వేషం. దేశవాళీ సరుకు పరువు తీసే ఇదే పని మరో రెండు దేశాల్లో చేసొచ్చిన ముఠా అది. వాడి సెక్రటరీ ఫిలోమినా మన మనిషి. కలుసుకో."

బాలశౌరి క్వారీలో మందుగుండు గోదాము గుమాస్తాగా చేరాడు. మాసిన పంచె, చెవి మీద పెన్సిలు. నశ్యం డబ్బా మూతలో కెమెరా.

మాచర్ల స్టేషన్‌లో ఫిలోమినా సిల్కు చీరలో, నల్లకళ్ళద్దాలతో నిలబడి ఉంది. పుట్టింది రెంటచింతల, చదివింది మద్రాసు కాన్వెంటు. ప్లాట్‌ఫారం మీద అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె ఎవరినీ చూడటం లేదు.

"కోటప్పకొండకు మీ ప్రభ ఎప్పుడు కదులుతుంది?" అన్నాడతను.

"ఎడ్లు దొరికినప్పుడు." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "వత్తిని వదిలెయ్యండి. డిటొనేటర్లు చూడండి. క్రెన్ చెయ్యి పెట్టింది అక్కడే."

"సాక్ష్యం?"

"నా మాట చాలదా?"

"మా ఆఫీసులో చాలదు."

ఆమె నవ్వి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దుటి నుంచి అతను డిటొనేటర్లన్నీ పరీక్షించాడు. ఒక్కదానిలోనూ లోపం లేదు.

మధ్యాహ్నం పాకల దగ్గర ప్రభుదాసు మంచం అల్లుతున్నాడు. ఏసోబు అతనికి బావ. ఇప్పుడు వత్తి వెలిగించే పని ఇతనిది. మంచం ఏసోబు భార్య, తన అక్క ఆరోగ్యమ్మ కోసం. నులక చుట్టను కాళ్ళ మధ్య పెట్టుకుని లోపలి నుంచి కొస లాగుతున్నాడు.

"లోపలిది లాగుతున్నావేంది?" అన్నాడు బాలశౌరి.

"బయటిది లాగితే చుట్ట దొర్లుద్ది, గుమాస్తా గారూ. లోపలిదైతే ఉన్నచోటే ఉండి వస్తది. నులకైనా వత్తైనా అంతే. ఏ ఊరు మీది?"

"వత్తి ముందు కాల్చి చూడరా?"

"ఇదివరకు చూసేవోళ్ళం. ముద్ర పడ్డాక మానుకున్నాం. దొరలు చూసినదాన్ని మళ్ళా మనం చూసేదేంది?"

ఫోర్మన్ కేకేశాడు. ప్రమాదం తరవాత ఇదే మొదటి పేలుడు. రాతిలో మందు కూరిన బెజ్జాలు పన్నెండు. ప్రభుదాసు లేచాడు.

"పొద్దుగూకేలోపు మంచం అయిపోద్ది, అక్కా."

"మంచం లేకపోతే నేల ఉంది," అంది పాక గుమ్మంలో కూర్చున్న ఆరోగ్యమ్మ, తలెత్తకుండా. "ఒరేయ్, నువ్వు తిరిగి రా."

బాలశౌరి గోదాములోకి పరుగెత్తాడు. సీలున్న చుట్ట ఒకటి బయటికి తెచ్చి బయటి కొస కోసి వెలిగించాడు. బుసబుసమంటూ నెమ్మదిగా కాలింది. లోపలి కొస కోసి వెలిగించాడు. సర్రుమంది. చేతి వెంట్రుకలు కమిలాయి.

ఇన్‌స్పెక్టర్లు కోసేది బయటి కొస. విషం కడుపులో ఉంది. నెలల తరవాత, క్రెన్ దేశం దాటాక, క్వారీలన్నీ బయటి నుంచి వాడుకుంటూ ఒకేసారి ఆ కడుపు దాకా రావాలని పథకం. పల్నాటి మనుషులు చుట్టను లోపలి నుంచి లాగుతారని ముఠాకు తెలియదు. అందుకే ఏసోబు ముందుగా పోయాడు.

అతను ప్రభుదాసును ఆపడానికి పరుగెత్తాడు, కానీ క్వారీ దారికి అడ్డంగా జీపు ఉంది. దాని ముందు ఫిలోమినా, చేతిలో పిస్టల్.

"డిటొనేటర్లు చూడమన్నాను."

"చూశాను. బాగున్నాయి."

"అయితే ఇక్కడే నిలబడు. ఇంకొక్క నిముషం."

కింద, తవ్విన కాలువకు అవతల, ఫోర్మన్ పొడుగ్గా ఈల వేశాడు. ప్రభుదాసు బీడీతో వంగుతున్నాడు. బాలశౌరి గొంతు చించుకుని అరిచాడు. ఎదురుగాలి. ఎవరూ తలెత్తలేదు.

"వాళ్ళలో సగం మీ రెంటచింతల వాళ్ళే, ఫిలోమినా."

"ముఖాలు గుర్తులేవు."

ఈల పడ్డాక ఏ పేలుడు చప్పుడు విన్నా క్వారీ మనుషులు నిలబడరు, ఉన్నది వదిలేసి చాటుకు దూకుతారు. బాలశౌరి పిస్టల్ వైపు అడుగు వేశాడు. తరవాత ఇంకొకటి.

"ఆగు! కాలుస్తాను!"

అతను ఆగలేదు. ఆమె కాల్చింది.

గుండు భుజంలో దిగింది. కింద ఎవరో "పేలిందిరోయ్!" అని అరిచారు. వత్తికి జానెడు దూరంలో ఉన్న బీడీని పారేసి ప్రభుదాసు దూకాడు. పన్నెండు వత్తులూ వెలగకుండా అలాగే ఉండిపోయాయి.

"కావాలనే కాల్పించుకున్నావు," అంది ఆమె, మెల్లగా.

"నా అరుపు వినపడలేదు," అన్నాడతను, నేల మీద నుంచి.

మనుషులు రాళ్ళతో గట్టెక్కి వచ్చి జీపును చుట్టుముట్టారు. వాళ్ళలో ఒక ముసలాయన ఆమెను ఎగాదిగా చూశాడు. "ఇది మన అబ్రహాము కూతురు కదంట్రా?" ఆమె పిస్టల్ సీటు మీద పెట్టి, నల్లకళ్ళద్దాలు తగిలించుకుంది.

క్రెన్‌ను గుంటూరు రైల్లోంచి దించారు. వాడి గోదాములో ముద్ర ఉన్న వత్తిని విప్పి, కడుపులో వేరే వత్తి పెట్టి తిరిగి చుట్టే చక్రం, దొంగ సీళ్ళు దొరికాయి.

నరసరావుపేట ఆస్పత్రికి ప్రభుదాసు బత్తాయిలతో వచ్చాడు. ఒకటి ఒలిచి చేతికిచ్చాడు.

"ఢిల్లీలో కమిటీ కూర్చుంది," అన్నాడు బాలశౌరి. "ఇక చుట్టను రెండు కొసలూ, నడుమా కోసి చూడాలని రూలు రాశారు."

"మంచిదే సారూ. మా బావ పేరు పెడతారా దానికి?"

"పేర్లు పెట్టరు. నంబరు ఇస్తారు."