అత్తగారి పటిక కబురు

ఆరోగ్య శాఖ పెద్దలారా, వరదొచ్చిన మూడో రోజు మీరు ఫేస్‌బుక్‌లో పెట్టిన ప్రకటన జనం చదవడానికా, చదవకుండా ఉండడానికా? పైన మీ నలుగురి ఫొటోలు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో "కలుషిత జలసేవనం వర్జించవలెను". ఇంట్లో బురద ఎత్తిపోసుకుంటున్న మనిషి దాన్ని చూసి దండం పెట్టుకోవాలా? మీరు వదిలేసిన ఖాళీలోకి ఒక అత్తగారు దూరారు. వీధిలో ఆవిణ్ణి రేడియో అంటారు.

మర్నాడు పొద్దున్న ఆవిడ కోడలు డ్యూటీకి వెళ్తూ, బూట్లు తొడుక్కుంటూనే ఫోన్లో వీధి వాట్సాప్ గ్రూపులో వచ్చిన వాయిస్ మెసేజ్ విని ఆగిపోయింది. కోడలు వరద శిబిరంలో నర్సు.

"అత్తయ్యా, పటిక తిప్పితే చాలు, నీళ్ళు కాచక్కర్లేదు, గ్యాస్ దండగ అన్నది మీరేనా?"

"నేనే. గొంతు బాగా వచ్చిందా?"

"బ్రహ్మాండంగా వచ్చింది. నిన్న సాయంత్రానికి పదకొండు మంది విరేచనాలతో మా శిబిరానికొచ్చారు. ఏడుగురు పటిక నీళ్ళే తాగారట."

"మా అమ్మ జన్మంతా పటికే తిప్పింది. మేం చచ్చామా?"

"పటిక బురదని అడుక్కి దింపుతుందండీ, క్రిముల్ని చంపదు. తప్పు చెప్పానని గ్రూపులో చెప్పండి."

"రెండొందల మంది ముందా? మీ ఆఫీసువాళ్ళనే చెప్పుకోమను."

"వాళ్ళు చెప్తే ఎవరూ వినరు. మీరు చెప్తే వింటారు. నా ఏడుపల్లా అదే."

అంతలో పక్క వీధి నుంచి అత్తగారి చెల్లెలి ఫోన్, స్పీకర్లో. "అక్కా, నీ పటిక తగలెయ్య. తెల్లారేసరికి ఆరుసార్లు వెళ్ళొచ్చాను. తలుపు గడియ పెట్టడం కూడా మానేశా."

కోడలు నవ్వు ఆపుకుంది.

"నా సంగతి సరే అక్కా. మనవరాలికీ అవే నీళ్ళు పట్టాను. దానికీ మొదలైంది."

కోడలి నవ్వు పోయింది. ఫోన్ లాక్కుంది. "పిన్నీ, పిల్లని తీసుకుని ఇప్పుడే శిబిరానికి రండి."

అత్తగారు కళ్ళు తుడుచుకుని కుర్చీ వెలుగులోకి జరుపుకున్నారు.

"వీడియో తియ్యవే. తప్పు చేసి గొంతు చాటున దాక్కుంటే ఎలా, మొహం కూడా కనపడాలి."

అలాగే చెప్పారు. "నిన్న నేను చెప్పింది తప్పు. నీళ్ళు పొయ్యి మీద బుడబుడా తెర్లాలి. తెర్లాక ఇంకో నిమిషం ఉంచి దించండి, చల్లార్చి తాగండి. నా మాట విని మా చెల్లి ఆరుసార్లు వెళ్ళింది. మీరు వెళ్ళకండి."

మధ్యాహ్నానికి ఆ వీడియో ఊరంతా తిరిగింది. శిబిరంలో మనవరాలు ఓఆర్ఎస్ తాగి తేరుకుని, ఇక బిస్కెట్ పెట్టమని గోల మొదలెట్టింది. ఆ పక్కనే అత్తాకోడళ్ళు నవ్వుకుంటూ గ్రూపు తెరిచారు. ముప్పై తొమ్మిది ఇళ్ళ నుంచి ఒకటే జవాబు: "పొయ్యి మునిగింది రేడియోగారూ, దేంతో కాచమంటారు?"

అత్తగారు చెప్తుంటే కోడలు ఆ ఇళ్ళ నంబర్లన్నీ మీ ఫేస్‌బుక్ పేజీలోనే రాసింది. కింద అత్తగారి మాట:

"ఈ ఇళ్ళలో నీళ్ళు కాచే దారి లేదు. సాయంత్రంలోగా, నీళ్ళలో వేస్తే క్రిముల్ని చంపే క్లోరిన్ బిళ్ళలు గుమ్మం గుమ్మానికీ చేర్చండి. తెచ్చే మనిషి పేరు, ఫోన్ నంబరు ఇక్కడే రాయండి. వీధి మొదట్లో నిలబడి ఉంటాం."