గోడ మీది మోదుగుచెట్టు

ఆ పొద్దున సంతోషమ్మ మేకలకు నీళ్ళు పెట్టి లోపలికి వచ్చేసరికి, నెలలు నిండిన కోడలు మగ్దలీనమ్మ గోడ ముందు కూర్చుని బొమ్మ వేస్తోంది. మిషను బడిలో దొరసాని దగ్గర నేర్చుకున్న చెయ్యి అది. ఎర్రమట్టి, దీపం మసి, ఉడకబెట్టిన మోదుగుపూల రసం చిప్పల్లో పెట్టుకుంది. గోడ నిండా విరగబూసిన మోదుగుచెట్టు. దాని కింద నొప్పులు పడుతున్న ఒక ఆడమనిషి. ఆమె చెయ్యి పట్టుకుని ఒక చిన్నపిల్ల.

సంతోషమ్మ నీళ్ళ బిందె కింద పెట్టి దగ్గరికి వచ్చింది.

“ఏందే ఇది? కడుపుతో ఉండి వేసే బొమ్మేనా?”

“మా అమ్మ, అత్తా. ఎండాకాలం విస్తరాకులకు అడివికి పోయినప్పుడు నొప్పులొచ్చినాయి. పిలిస్తే పలికే మనిషి లేడు. చెయ్యి పట్టుకుని కూర్చున్నా. అమ్మ మీద పూలు రాలతానే ఉన్నాయి.”

“చచ్చినోళ్ళను గోడకెక్కిస్తే కాన్పు సుఖంగా అవుతుందా? తుడిచెయ్యి.”

“అమ్మ మొకం మరిచిపోతన్నా. బొమ్మ వేస్తేనే గుర్తొస్తాది. కనేముందు ఒకసారి చూసుకుందామని...” మగ్దలీనమ్మ తల వంచుకుంది. “నా చేత్తో తుడవలేనత్తా.”

సంతోషమ్మ చట్టిలో పేడనీళ్ళు కలిపి తెచ్చి తనే గోడంతా అలికేసింది. కోడలు అడ్డుపడలేదు.

“మా అమ్మను మళ్ళా మట్టి చేసినావు,” అంది. అంతే.

పలకల గనిలో పనిచేసే కొడుకు ఏబేలు మార్కాపురం నుంచి వచ్చేలోపే భార్యకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని రోశమ్మ చేయగలిగిందంతా చేసింది. ఆడపిల్ల పుట్టింది, ఏడవలేదు. మగ్దలీనమ్మకు స్పృహ వచ్చేసరికి ఏబేలు బిడ్డను సమాధులదొడ్డిలో పెట్టి వచ్చి, గడపలో తల పట్టుకుని కూర్చున్నాడు.

మగ్దలీనమ్మ కంట తడి పెట్టలేదు. లేచి తిరగ్గలిగిన నాటి నుంచి వంట చేసింది, నీళ్ళు మోసింది. ఆ గోడ వైపు మాత్రం తిరిగేది కాదు. బొమ్మ తుడిచినందుకే ఇట్లా అయిందని కోడలు అంటుందేమోనని సంతోషమ్మ భయపడింది. బొమ్మ వేసినందుకే అయిందని తన నోరే జారుతుందేమోనని ఇంకా భయపడింది. ఇద్దరూ ఎదురుపడితే తప్పుకుని నడిచేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం జొన్నలు చెరుగుతూ మగ్దలీనమ్మ చేట ఆపింది.

“అత్తా, పాపకు జుట్టు ఉండిందా?”

సంతోషమ్మకు అప్పుడు తట్టింది. బిడ్డను కన్నతల్లి ఆ బిడ్డ మొకం చూడనే లేదు. తల్లి మొకం మరిచిపోతానని భయపడిన పిల్లకు, మరిచిపోవడానికి కూతురి మొకమైనా దక్కలేదు. తల్లిని గుర్తు తెచ్చుకుని వేసుకున్న ఆ ఒక్క బొమ్మనూ తన చేతులే అలికేశాయి.

మర్నాడు సంతోషమ్మ సున్నం తెచ్చి గోడకు కొట్టింది. వాగుగట్టుకు పోయి ఎర్రమట్టి తవ్వుకొచ్చి నీళ్ళలో కలిపింది. మోదుగుపూల కాలం అప్పటికే అయిపోయింది. చిప్ప కోడలి ముందు పెట్టి పక్కనే కూలబడింది.

“తప్పు చేసినానమ్మా. మీ అమ్మను మళ్ళా వెయ్యి. ముందు మన పాపను వెయ్యి. నేను చూసినా, చెబుతా. జుట్టు ఒత్తుగా ఉండె. నుదురు చిన్నది. చెవులు మీ ఆయనవే.”

మగ్దలీనమ్మ కుంచె అందుకుని గోడ మీద వెయ్యసాగింది.

“ముక్కు?”

“నీదే.”

“కళ్ళో, అత్తా?”

“తెరవలేదు తల్లీ. నిద్రపోతున్నట్టుండె. అట్లనే వెయ్యి.”

మగ్దలీనమ్మ చేతిలోని కుంచె జారిపోయింది. అత్త ఒడిలో తల పెట్టి, బిడ్డ పోయిన తర్వాత మొదటిసారి ఏడ్చింది. సంతోషమ్మ ఆపలేదు. ఆమె తల మీద చెయ్యి వేసి తనూ ఏడ్చింది.