ఓర్పు గల కోడలు

లౌరినా పెందలాడే లేచి బార్లీ జావ కాచింది. భర్త క్రైన్ ఎప్పటిలాగే ఒక కీర్తన చదివి, ప్రార్థన చేసి, బూట్లు తొడుక్కుని ఇంటి వెనకున్న ఉల్లి చేనుకు వెళ్ళిపోయాడు. ఇంట్లో లౌరినా, ఆమె అత్తగారు తన్నెకె మిగిలారు.

తన్నెకెకు ఎనభై దాటాయి. మతిమరుపు జబ్బు ముదిరి, కోడల్ని ఒకరోజు పనిమనిషి అనుకుంటుంది, మరోరోజు దొంగ అనుకుంటుంది. తిట్టినా, ఉమ్మినా లౌరినా పల్లెత్తు మాట అనదు. జీలండ్ తీరాన ఉన్న ఆ చిన్న ఊళ్ళో అందరికీ ఈ సంగతి తెలుసు. ఆదివారం ఆరాధన ముగిశాక ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరేవారు.

"బైబిల్లో చెప్పే ఆశానిగ్రహం, తనను తాను అదుపులో పెట్టుకోవడం అంటే ఏమిటో నిన్ను చూసి నేర్చుకోవాలి తల్లీ!"

లౌరినా తల వంచుకునేది. సాయానికి రమ్మంటారా అని ఎవరైనా అడిగితే మాత్రం, "వద్దండీ, నేను చూసుకుంటాను" అని చప్పున చెప్పేసేది.

ఆ ఉదయం తన్నెకె జావ గిన్నె నేలకు కొట్టి, రాత్రి గౌనుతోనే వీధి తలుపు వైపు నడిచింది.

"అత్తయ్యా, బయట చలి. లోపలికి రండి."

"నన్ను ఆపడానికి నువ్వెవతివే? గొడ్రాలా! నీ మూలానే కదే నా కొడుకింట్లో ఊయల కట్టలేదు!"

లౌరినా ముసలామె మణికట్టు పట్టుకుంది. ఆపడానికే పట్టుకుంది. తన్నెకె ఆగిపోయింది కూడా. అయినా లౌరినా వదల్లేదు. పళ్ళు బిగించి, ఆ సన్నటి ఎముకల మీద వేళ్ళు ఇంకా ఇంకా బిగించింది. ముసలామె పసిపిల్లలా కుయ్యిమన్నాక గానీ లౌరినాకు తెలివి రాలేదు.

చేయి వదిలేసి, అత్తగారి గౌను చేతిని కిందికి లాగి, గిన్నె పెంకులు ఏరుకుంది. కళ్ళలో ఒక్క చుక్క నీరు రాలేదు. అందుకే ఆమెకు తనంటే భయం వేసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తన్నెకె బంగాళాదుంప కోసం చేయి చాచింది. క్రైన్ ఫోర్కు కింద పెట్టేశాడు.

"అమ్మ చేతికి ఏమిటిది? వేళ్ళ గుర్తులు కదూ?"

లౌరినా తల ఎత్తకుండా దుంపల గిన్నె జరుపుతుంటే, క్రైన్ ఆ గుర్తులకేసే చూస్తూ అన్నాడు.

"నిన్న స్నానం చేయించింది ఆ మారిత్ కదూ? రానీ. నోరులేని ముసలిదాన్ని ఇలా నలిపేస్తుందా?"

"క్రైన్..."

"నువ్వు ఊరుకో. అందర్నీ వెనకేసుకొస్తావు."

మారిత్ ఊరి నర్సు. మందులివ్వడానికి ఆమె వచ్చేసరికి చర్చి సంఘపెద్ద బౌదవైన్ గారు కూడా ఉన్నారు. ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి బాగోగులు అడిగి ప్రార్థన చేసే అలవాటు ఆయనది. కాఫీ తాగుతూ, "నీ ఇల్లు మా సంఘం విశ్వాసానికి సాక్ష్యం అమ్మా" అని లౌరినాతో అంటూండగానే క్రైన్ గుమ్మం దగ్గరున్న మారిత్‌కు తల్లి చేయి చూపిస్తూ గొంతు పెంచాడు.

"ఈ చెయ్యి చూడు! నువ్వు చేసిందేగా?"

మారిత్ ముఖం పాలిపోయింది. "నేనా? దేవుడు చూస్తున్నాడండీ, ఆవిణ్ణి నేనెప్పుడూ..."

"మీ ఆఫీసుకు ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"అంతపని చేయకండి! ఇలాంటి మాట ఒక్కటి పడితే నన్ను ఇక ఏ గడపా ఎక్కనివ్వరు."

క్రైన్ ఫోన్ తీశాడు. లౌరినా కుర్చీ అంచు పట్టుకుంది. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు, ఆమె మంచి పేరు ఆమెకు మిగులుతుంది. నోరు మూసుకోవడం ఆమెకు బాగా వచ్చిన విద్యే.

"ఫోన్ పెట్టెయ్యి. నేనే చేశాను."

గదిలో అందరూ ఆమెకేసి తిరిగారు.

"ఏం మాట్లాడుతున్నావు?"

"పొద్దున గొడ్రాలన్నారు. చేయి పట్టుకున్నాను. ఆగిపోయాక కూడా వదల్లేదు. నొప్పి పుట్టాలనే పట్టుకున్నాను క్రైన్." ఆమె సంఘపెద్ద వైపు తిరిగింది. "ఇదండీ మీ సాక్ష్యం."

"మా అమ్మని?" క్రైన్ పిడికిలి బిగుసుకుంది. "మా అమ్మనా?"

"మీ అమ్మే," అంది మారిత్. "మీ అమ్మకు మీరు ఎన్నిసార్లు బట్టలు మార్చారండీ? ఆవిడకు ఏ వైపు ఒత్తిగిల్లితే నిద్రపడుతుందో మీకు తెలుసా?"

క్రైన్ తల్లికేసి చూశాడు. పిడికిలి మెల్లగా విడిపోయింది.

బౌదవైన్ గారు కాఫీ కప్పు కింద పెట్టి అన్నారు. "తప్పు తప్పేనమ్మా. దాన్ని నేను చిన్నది చేయను. కానీ ఆశానిగ్రహాన్ని పరిశుద్ధాత్మ ఇచ్చే ఫలం అంటాం కదా, ఫలం పళ్ళు బిగిస్తే కాయదు. నువ్వు ఒక్కదానివే మోస్తుంటే మేమంతా ఒడ్డున నిలబడి మెచ్చుకున్నాం. దేవుడి దగ్గర ఆ లెక్క మాది కూడా."

లౌరినా లేచి అత్తగారి ముందు మోకాళ్ళూనింది. కమిలిన చేతిని తన చెంపకు ఆనించుకుంది.

"నన్ను క్షమించండి అత్తయ్యా."

తన్నెకె ఆమెను వింతగా చూసింది. "ఎవరమ్మాయివే నువ్వు? ఏడవకు. ఎవరు కొట్టారు నిన్ను?"

క్షమించడానికి ఆమెకు ఏదీ గుర్తులేదు. పొద్దున్నించి రాని కన్నీళ్ళు అప్పుడు వచ్చాయి. లౌరినా ముసలామె ఒళ్ళో ముఖం దాచుకుని భోరుమంది. ఆ వెనకే క్రైన్ వచ్చి, ఏం చేయాలో తెలియక, ఆమె పక్కనే నేలమీద కూలబడ్డాడు.

మరుసటి వారం సంఘం ఆడవాళ్ళు తన్నెకెను చూసుకోవడానికి వంతులు వేసుకున్నారు. క్రైన్ తల్లికి జడ వేయడం నేర్చుకున్నాడు, వంకరగానే అనుకోండి. తన్నెకె తిట్లు మాత్రం తగ్గలేదు.

ఒక ఉదయం ఆమె మళ్ళీ ఆ గొడ్రాలి మాటే అంది. లౌరినా వేళ్ళు బిగుసుకున్నాయి. చేతులు రెండూ వెనక్కి తీసుకుని, పెరటి తలుపు తెరిచి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎన్నడూ అననిది గట్టిగా అరిచింది.

"క్రైన్! ఇలా రా! నా వల్ల కావడంలేదు!"

అతను పలుగు అక్కడే పడేసి, మట్టి బూట్లతోనే ఇంట్లోకి పరుగెత్తుకొచ్చాడు.