ఆవగింజంత కంటిపాప

మధ్యాహ్నం పన్నెండు కొట్టకముందే వదిన ఆఫీసుకు ఒక బస్సు డ్రైవరమ్మ వచ్చి, కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. "నేను ఏ మత్తూ ముట్టలేదు. ముట్టానని రాసినవాడి చేతే కాదనిపించాలి. అందుకే వచ్చాను," అంది. ఏడుపూ లేదు, బతిమాలడమూ లేదు.

మరిదికి ఆమె ధోరణి నచ్చింది. అతడి వదిన పాతికేళ్ళు పోలీసు శాఖలో, మత్తులో బండి నడిపేవాళ్ళను ఎలా గుర్తుపట్టాలో పాఠాలు చెప్పి, ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. ఆ ఆఫీసులో ఫైళ్ళు చూడటం, టీ పెట్టడం, వదినను మెచ్చుకోవడం అతడి పనులు. మూడోది జీతం లేకపోయినా చేసేవాడు.

సంగతి ఇదీ. తెల్లారి ఆరింటికి డిపో ఆవరణలో ఆమె రోజూ నడిపే బస్సు షెడ్డు గోడను గుద్దింది. బస్సులు కడిగే మనిషి కాలు విరిగి ఆసుపత్రి పాలయ్యాడు. వంగి చక్రాలు కడుగుతున్న అతడు నడిపిందెవరో చూడలేదు. ఈమెకు ఇవాళ వారపు సెలవు, మర్చిపోయిన శాలువా కోసం వెళ్ళిందంతే. సూపర్‌వైజరు మాత్రం ఆమే మత్తులో నడిపిందని ఫారం రాశాడు. నాలుగింటికి మేనేజరు విచారణ. ఫారం నిలిస్తే లైసెన్సు పోయినట్టే.

"రక్తం తీయించమని అడిగారా?" అంది వదిన.

"అడిగాను. ఫారం చాలన్నాడు."

"ఏదీ, చదవండి."

ఆమె కాగితాన్ని చేతులు బారజాపి పట్టుకుని, కాసేపు చూసి మరిదికి ఇచ్చేసింది. "మీరే చదవండి."

మరిది చదివాడు. 'ఉదయం 6.15. రెండు కంటిపాపలూ ఆవగింజంత. చీకటి గదిలోనూ పెద్దవి కాలేదు. మాట ముద్దగా ఉంది. నిలబడే కునుకుతోంది. మాటిమాటికీ ముక్కు గోక్కుంటోంది.'

"నా క్లాసులో కూడా ఎవరూ ఇంత బాగా రాయలేదు," అంది వదిన. "నిన్న సాయంత్రం ఎక్కడికెళ్ళారు?"

"అది మాత్రం చెప్పను."

మరిది ఉసూరుమన్నాడు. వదిన మాత్రం నవ్వి చెప్పులేసుకుంది.

నాలుగింటికి మేనేజరు గదిలో నడుముకు బెల్టు కట్టుకున్న సూపర్‌వైజరు కూర్చుని ఉన్నాడు. గుమ్మంలో ముగ్గురు డ్రైవర్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఆ బస్సు తాళం ఎక్కడుంటుంది?" అని మొదలుపెట్టింది వదిన.

"డ్రైవరుకు సెలవైతే... నా బల్ల సొరుగులో." సూపర్‌వైజరు ముక్కు గోక్కున్నాడు. "అడిగింది... ఇచ్చాను."

"పొద్దున్నే బస్సులు వరసలో పెట్టేదెవరు?"

"ఆయనే," అన్నాడు గుమ్మంలోని పెద్ద డ్రైవరు. "మేం వచ్చేసరికి సర్ది ఉంచుతారు."

"మీ నడుం నొప్పికి మాత్రలు రోజుకెన్ని?"

సూపర్‌వైజరు కళ్ళు మూతలు పడ్డాయి. మేనేజరు రెండుసార్లు పిలిస్తే గానీ తెరవలేదు.

వదిన కిటికీ తెరలు బార్లా తీయించింది. కంటిపాపను కొలవడానికి చిన్నా పెద్దా నల్లచుక్కలు అచ్చేసిన అట్ట ప్రతి డిపోలోనూ ఉంటుంది. దాన్ని డ్రైవరమ్మ కంటి పక్కన పెట్టింది. ఎండ మొహాన పడుతున్నా కంటిపాప అట్టలోని అన్నిటికన్నా పెద్ద చుక్కంత ఉంది.

"ఇప్పుడైనా చెబుతారా?"

డ్రైవరమ్మ గుమ్మంలోని ముగ్గురి వంకా చూసింది. తర్వాత పర్సులోంచి చీటీ తీసి మేనేజరు బల్ల మీద పెట్టింది. పరీక్షకు కళ్ళలో మందు చుక్కలు వేసినట్టు నిన్న సాయంత్రం ఆరింటికి కళ్ళ డాక్టరు రాసిన చీటీ అది.

"కంటిపాపను పెద్దది చేసే ఆ మందు ప్రభావం రెండు రోజులు దిగదు," అంది వదిన. "అందుకే ఈమె వెలుతురుకు వీపు పెట్టింది, కాగితం దూరం పట్టింది. పొద్దున ఆరింటికి ఈ కళ్ళు ఆవగింజలవడం కల్ల. ఆవగింజంత పాపలున్నవాళ్ళు ఈ గదిలో వేరే ఉన్నారు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, సూపర్‌వైజరు చెయ్యి కళ్ళ మీదికి పోయింది. వదిన తెరలు మూయించి, కాసేపాగి, చిన్న టార్చి పట్టుకుని అట్ట అతడి పక్కన పెట్టింది. చీకట్లోనూ పాప చిన్న చుక్కను దాటలేదు.

"కంటిపాపలను ఇలా ముడిచేసే మత్తు నొప్పిమాత్రలు డాక్టరు చెప్పినదానికి మించి మింగి, బస్సు తీసి గోడకు గుద్దారు. ఎదురుగా ఈమె కనబడింది. ఆమె కళ్ళల్లోకి చూడకుండానే ఫారం నింపారు. ఏం రాయాలో వెతుక్కోనక్కర్లేకపోయింది, రోజూ అద్దంలో కనబడేదే రాశారు. కానీ మేనేజరుగారూ, లక్షణాలతో అనుమానించాలే గానీ శిక్ష వెయ్యకూడదు. ఇద్దరి రక్తమూ తీయించండి."

డ్రైవరమ్మ అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడిచింది. సూపర్‌వైజరు తల వంచుకున్నాడు. "నొప్పికి తట్టుకోలేకపోయాను. నేనే నడిపాను," అన్నాడు. మరిదికి అతడి మీద జాలీ, కోపమూ ఒక్కసారే కలిగాయి.

మేనేజరు చీటీ తిప్పి చూసి చిరాకుపడ్డాడు. "ఈ ముక్క పొద్దున్నే చెబితే ఇంత రచ్చ ఉండేది కాదుగా?"

"కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళామని తెలిస్తే మీరు బస్సు దింపి టికెట్ల కిటికీలో కూర్చోబెడతారు. అందుకే ఇక్కడ ఎవరూ చెప్పరు, సరిగ్గా కనబడకపోయినా నడుపుతారు," అంది డ్రైవరమ్మ. "నాకు ఎల్లుండి అద్దాలొస్తాయి. పెట్టుకునే నడుపుతాను. దింపాలనుకుంటే వీళ్ళందరి ముందూ దింపండి."

మేనేజరు నోరు తెరిచేలోగా, పెద్ద డ్రైవరు చొక్కా లోపలి జేబులోంచి కళ్ళజోడు తీసి, తుడుచుకుని పెట్టుకున్నాడు. పక్కవాడూ తీశాడు. మూడోవాడి జోడుకు ఒక కాడ దారంతో కట్టి ఉంది. ముగ్గురూ మేనేజరును కళ్ళారా చూశారు.