రెండో సాక్షి

"సంచి తర్వాత వెతుక్కుందురుగాని, ముందు అటు చూడండి!" పళ్ళు బిగించి, గొంతు తగ్గించి అరిచాడు డ్రైవరు.

"కళ్ళజోడు లేకుండా ఏం చూడమంటారు? రెల్లుదుబ్బయినా పిట్టయినా నాకొకటే," అంది టైలరమ్మ, సంచిలో మోచేతిదాకా చెయ్యి దూర్చి.

కళ్ళజోడు దొరికింది. పిట్ట లేదు. ఎప్పుడూ ఇదే వరస.

ఆ పెద్దవాళ్ళ బృందం వారానికోసారి వ్యానులో పిట్టల్ని చూడటానికి వెళ్తుంది. నడిపించేది రిటైరైన సైన్సు మాస్టారు. ఆయన పెట్టిన రూలు ఒక్కటే. పిట్టను ఇద్దరు చూస్తేనే లెక్క. ఒక్కరే చూస్తే అది వాళ్ళ అదృష్టం, లెక్కలోకి రాదు. అందుకే జతలు కట్టారు. బస్సు నడిపిన డ్రైవరుకు కొండ మీద మేక కూడా కనబడుతుంది. ఆయనకు జత పడింది, సూదిలో దారం తప్ప దూరం చూడని టైలరమ్మ.

భార్య పోయాక గోడలతో మాట్లాడుతున్నాడని కూతురు పోరి డ్రైవరును ఇందులో చేర్పించింది. టైలరమ్మ భర్త పోయినప్పటినుంచీ కుట్టుమిషనుతో మాట్లాడేది. ఇప్పుడు ఈయన దొరికాడు.

ఇంతవరకూ డ్రైవరు చూసిన పిట్ట ఒక్కటీ లెక్కకెక్కలేదు. ఆ ఉదయం వ్యాను ఎక్కుతూనే మాస్టారి చెవిలో వేశాడు. "నాకు జత మార్చండి. ఈవిడతో నావల్ల కాదు."

"సరే, తిరుగు ప్రయాణంలో చెప్తాను," అన్నారు మాస్టారు.

అలా అడిగాడో లేదో, డ్రైవరుకు మనసు మనసులో లేకుండా పోయింది. ఎందుకో తెలియక ఇంకా చిరాకు.

"ఈ కాలరు ఎవరు కుట్టారండీ? ఉరి బిగించినట్టుంది. తెచ్చివ్వండి, సరిచేస్తాను," అంది టైలరమ్మ, చెరువు గట్టున ఆయన పక్కనే నిలబడి.

"ష్!"

"అన్నిటికీ ష్ అంటే ఎలా?"

అప్పుడు కనబడింది. లకుముకి పిట్ట. బృందమంతా ఏడాదిగా వెతుకుతున్నది. వంగిన కొమ్మ మీద నీలంగా మెరిసి, నీళ్ళలో మునిగి, లేచి, రెల్లులోకి మాయమైంది.

"లకుముకి!"

మోకాళ్ళు ఒప్పుకున్నంత పరుగుతో అందరూ వచ్చారు.

"రెండో సాక్షి?" అడిగారు మాస్టారు.

"నేను చూశానండీ," అంది టైలరమ్మ.

"ఎటు పోయిందమ్మా?"

"నీళ్ళలో మునిగింది, లేచింది, కుడివైపు రెల్లులోకి పోయింది."

అందరూ చప్పట్లు కొట్టారు. డ్రైవరు మాత్రం ఆవిడ సంచి వైపు చూశాడు. కళ్ళజోడు ఎప్పుడో మళ్ళీ అందులోకే చేరింది.

తిరుగు దారిలో చినుకులు మొదలయ్యాయి.

"అబద్ధం ఎందుకు చెప్పారు?" పక్కసీటులోంచి గుర్రుమన్నాడు డ్రైవరు.

"ఏది అబద్ధం? ఎటు పోయిందో సరిగ్గానే చెప్పానుగా."

"అదే, ఎలా తెలిసింది?"

టైలరమ్మ కిటికీ అద్దం మీది చినుకుల వైపు తిరిగింది. "దగ్గరివి నాకు బాగానే కనబడతాయి. పిట్ట మునిగినప్పుడు మీ గడ్డం వంగింది. లేచినప్పుడు కనుబొమలు లేచాయి. ఆ తర్వాత మెడ కుడివైపు తిరిగింది. ఇన్నాళ్ళూ నేను చూసిన పిట్టలన్నీ మీ మొహంలోనివే."

డ్రైవరు తన గడ్డం తడుముకున్నాడు.

మాస్టారు లేచి గొంతు సవరించుకున్నారు. "డ్రైవరుగారు జత మార్చమన్నారు. టైలరమ్మగారూ, వచ్చేవారం నుంచి మీకు మన బృందంలోని పోస్టుమాస్టరుగారు జత."

టైలరమ్మ మొహం వాడిపోయింది. "ఆ ముక్క నాతోనే అనకూడదూ?" అంది మెల్లగా.

డ్రైవరు ముందుసీటు పట్టుకుని లేచాడు. "మాస్టారూ, ఆ లకుముకిని లెక్కలోంచి కొట్టెయ్యండి. ఈవిడ చూడలేదు."

"అయ్యో, అందరిలో పరువు తీశారు కదండీ!" అంది టైలరమ్మ.

"చూడనిది చూశానంటే ఒప్పుకోను. ఈవిడ తన కళ్ళతో చూడాలి. నేనే చూపిస్తాను. అందాకా జత మార్చేది లేదు. పోస్టుమాస్టరుగారికి ఇంకెవరినైనా చూడండి."

వెనకసీటులో ఎవరో కిసుక్కున నవ్వారు. డ్రైవరు చెవులు ఎర్రబడ్డాయి. ధబ్బున కూర్చున్నాడు.

కాసేపటికి టైలరమ్మ అడిగింది, కిటికీ వైపే చూస్తూ. "చూసేశాక?"

"ఏంటి చూసేశాక?"

"లకుముకిని చూసేశాక మార్చేస్తారా?"

ఆయన విసుగ్గా నిట్టూర్చాడు. "లోకంలో అదొక్కటేనా పిట్ట?"